మైనూ స్థానం ఏది: ఆరా, ఎనిమిదా, పదా?

ఇరవై ఏళ్ళ కుర్రవాడిని నాలుగు చోట్ల ఆడించి, ఎక్కడా కుదురుకోలేదని చివరికి అతని మీదే నెపం పెట్టడం పెద్ద క్లబ్బులకు వెన్నతో పెట్టిన విద్య. మైదానం మధ్యలో ఆడే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు కోబీ మైనూ విషయంలో మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్ దాదాపు అదే చేసింది. 2023 నవంబరులో ఎవర్టన్ మీద ప్రీమియర్ లీగ్‌లో తొలిసారి మొదటి పదకొండు మందిలోకి తీసుకున్నప్పుడు డిఫెన్స్‌కు కాస్త ముందు నిలబెట్టారు. ఆర్నెల్లు తిరిగేసరికి ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీ మీద గోల్ కొట్టాడు. ఆ వేసవిలోనే ఇంగ్లండ్ జట్టుతో ఐరోపా దేశాల కప్పు యూరో ఫైనల్ ఆడాడు. అప్పటికి వయసు పంతొమ్మిది. ఆ తర్వాత మేనేజర్ మారాడు, ఆట పద్ధతి మారింది, కుర్రవాడు ఒకసారి ముందుకు, ఒకసారి ఇంకా ముందుకు, చివరికి బెంచ్ మీదకు చేరాడు. 2026 జనవరిలో మళ్ళీ మేనేజర్ మారితే మళ్ళీ మైదానం మధ్యలోకి వచ్చాడు.

బెంగళూరు తెలుగువాళ్ళలో యునైటెడ్ అభిమానులకు కొదవ లేదు. సర్జాపూర్ రోడ్డు పక్కన ఆదివారం పొద్దున్నే మేము ఆడే టర్ఫ్ దగ్గర, ఆట ముగిసి ఇడ్లీ ప్లేట్లు చేతికి వచ్చేసరికి మూడు పక్షాలు తయారవుతాయి. నెల్లూరు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ టెస్టర్ ఒకాయన మైనూ పుట్టిందే పదో నంబరు కోసమంటాడు. కర్నూలు పెద్దాయన, వయసులో పెద్ద కాబట్టి మా అందరికీ బాబాయి, వెనక ఆడితేనే వాడి విలువ తెలుస్తుందని పట్టుబడతాడు. మూడో పక్షం నాది. ఇద్దరి వాదాలూ వినీ వినీ, వాటిని పక్కపక్కన పెట్టి తూచి చూద్దామని ఇది రాస్తున్నాను. తీర్పు దాచను: మైనూకు ఏ నంబరు నప్పుతుందో తేల్చే ముందు అతని పక్కన ఎవరు నిలబడతారో తేల్చాలి. ఆ రెండోది తేలితే మొదటిది సగం తేలినట్టే.

ఫుట్‌బాల్ కొత్తగా చూస్తున్నవారి కోసం నంబర్ల సంగతి చెప్పేస్తాను. మైనూ చొక్కా మీద ఉండేది 37. మేము వాదించుకునే ఆరు, ఎనిమిది, పది అనేవి పాత కాలంలో చొక్కాలకు వరసగా నంబర్లు వేసిన రోజుల నుంచి మిగిలిన పేర్లు. డిఫెండర్ల ముందు నిలిచి బంతి అందుకుని పంచేవాడు, ఎదురుదాడి వస్తే మొదట అడ్డుపడేవాడు ఆరు. రెండు పెనాల్టీ బాక్సుల మధ్య పైకీ కిందికీ తిరిగేవాడు ఎనిమిది. స్ట్రైకర్ వెనక నిలిచి గోల్ అవకాశాలు పుట్టించేవాడు పది. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉంటుంది. మైదానంలో ఈ గీతలు నిమిషానికోసారి చెరిగిపోతాయి. అయినా ఎవరు ఎక్కువ సేపు ఎక్కడ ఉంటారన్నది మాత్రం కోచ్ ముందే నిర్ణయిస్తాడు.

ముందు అతని పాదాలు చూడండి

స్థానాల పట్టిక తీసి అందులో ఆటగాడిని ఇరికించడం కంటే, ఆటగాడు బంతితో ఏం చేస్తాడో చూసి చోటు వెతకడం మేలు. మైనూ ఆడే మ్యాచ్ వస్తే ఒక పది నిమిషాలు బంతిని వదిలేసి అతన్నే చూడండి. బంతి తన దాకా రాకముందే ఒకటికి రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూసుకుంటాడు. బంతి వచ్చాక, చాలామంది చేసినట్టు దాన్ని టక్కున ఆపడు. శరీరానికి అడ్డంగా కాస్త దొర్లనిస్తాడు. నడుము ఒక వైపు వాలుతుంది. వెనక నుంచి మీదికొచ్చే ఆటగాడు అటు మొగ్గుతాడు, మైనూ ఇటు తిరిగి వెళ్ళిపోతాడు. పరుగులో మెరుపు లేదు. గిమ్మిక్కు అంతా ఆ ఆగడంలో, ఆ వాలడంలో ఉంది. ముగ్గురు చుట్టుముట్టినా కంగారు కనిపించదు. ఈ గుణం నేర్పితే వచ్చేది కాదు, ఉన్నదాన్ని పాడుచేయకుండా ఉండడమే కోచ్ చేయగలిగింది.

ఇక గోల్స్. 2024 ఫిబ్రవరి 1న వుల్వ్స్ మీద స్కోరు 3-3 ఉండగా, తొంభై నిమిషాలు దాటాక కలిపిన సమయంలో ఏడో నిమిషం. ఎడమ పక్క బంతి అందుకుని లోపలికి వచ్చాడు, అడ్డొచ్చిన డిఫెండర్ కాళ్ళ మధ్య నుంచి బంతి జరిపాడు, దూరపు మూలకు వంచి కొట్టాడు. ఏప్రిల్‌లో లివర్‌పూల్ మీద ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో బాక్సు లోపల ఎడమ పక్క నుంచి ఒక్క మలుపుతో తిరిగి అదే మూలకు. మే 25న కప్ ఫైనల్లో రాష్‌ఫర్డ్ మైదానం అడ్డంగా కొట్టిన పొడవాటి బంతి గర్నాచోకు, అక్కడి నుంచి బ్రూనో ఫెర్నాండెస్‌కు చేరింది. బ్రూనో చూడకుండానే పక్కకు తోస్తే, వెనక నుంచి నింపాదిగా వచ్చిన మైనూ మొదటి తాకుడులోనే లోపల పెట్టాడు. 2025 ఏప్రిల్‌లో యూరోపా లీగ్‌లో లియోన్ మీద 120వ నిమిషంలో కొట్టిన గోల్ యునైటెడ్‌ను 4-4కు తెచ్చింది. ఆ మరుసటి నిమిషంలో మగ్వైర్ తలతో కొట్టి 5-4 చేశాడు.

ఈ నాలుగింటినీ కలిపి చూస్తే ఒకటి తెలుస్తుంది. అతను గోల్‌కు వీపు పెట్టి, డిఫెండర్‌ను మోస్తూ నిలబడి కొట్టిన గోల్ వీటిలో లేదు. గోల్‌కు ఎదురుగా, కాస్త ఆలస్యంగా, అందరి చూపూ ఇంకెక్కడో ఉన్న వేళ వచ్చి కొట్టినవే. నెల్లూరు వాదానికి మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది.

పదో నంబరు: ఆకర్షణ, అనుమానం

నెల్లూరాయన వాదం తేలిగ్గా తీసిపారేసేది కాదు. బంతి మీద ఇంత పట్టున్నవాడిని, ఇంత చల్లగా ముగించగలవాడిని సొంత గోల్ దగ్గర కాపలా ఎందుకు పెట్టాలి? వాడు బంతి పోగొట్టుకుంటే వెనక ప్రమాదం, ముందు ఆడితే ఆ భయం ఉండదు. 2024 నవంబరులో మేనేజర్‌గా వచ్చిన రూబెన్ అమోరిమ్ లెక్క కూడా కొంత ఇలాగే సాగింది. అతని 3-4-3లో, అంటే వెనక ముగ్గురు, మధ్య వరసలో నలుగురు, ముందు ముగ్గురు ఆడే పద్ధతిలో, ఆ నలుగురిలో ఇద్దరు పక్కలకు పోగా నడిమధ్య ఇద్దరే ఉంటారు. ఆ ఇద్దరూ చాలా నేల కవర్ చేయాలి. మైనూకు అంత పరుగు లేదనుకున్నాడో ఏమో, స్ట్రైకర్ వెనక ఉండే ఇద్దరిలో ఒకడిగా జరిపాడు. 2025 ఫిబ్రవరిలో క్రిస్టల్ ప్యాలెస్ మీద అయితే ఏకంగా స్ట్రైకర్ స్థానంలోనే నిలిపాడు. యునైటెడ్ సొంత మైదానంలో 0-2తో ఓడింది. ఆ ప్రయోగం గురించి ఇంతకంటే మాట్లాడుకోనక్కర్లేదు.

పదో నంబరు విషయానికి వస్తే, ఆ స్థానం బంతి మీద పట్టుతో పాటు మరొకటి అడుగుతుంది. బంతి పోగొట్టుకోవడానికి వెనుకాడని మనసు కావాలి. బ్రూనో ఫెర్నాండెస్‌ను చూడండి. 2020 జనవరిలో వచ్చిన నాటి నుంచి యునైటెడ్ గోల్స్‌లో ఎన్నింటి వెనకో అతని పాస్ ఉంది. అదే బ్రూనో పాసుల్లో అవతలివాళ్ళ కాళ్ళకు చేరేవీ తక్కువ కాదు. ఎనిమిదిసార్లు సాహసం చేసి ఎనిమిదిసార్లూ విఫలమైనా తొమ్మిదోసారి అదే పాస్ మళ్ళీ వేస్తాడు. అది పదో నంబరు స్వభావం. మైనూ స్వభావం దీనికి తలకిందులు. బంతి తన దగ్గర ఉంటే జట్టు ఊపిరి పీల్చుకోవాలి అన్నట్టు ఆడతాడు. సాహసమైన పాస్ కంటే సురక్షితమైన మలుపు అతనికి ఇష్టం. ఈ గుణం మైదానం మధ్యలో బంగారం. స్ట్రైకర్ వెనక అదే గుణం దాడిని నెమ్మది చేస్తుంది.

యూరో 2024 ఫైనల్ దీనికి మంచి ఉదాహరణ. బెంగళూరులో అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకు మొదలైన ఆ మ్యాచ్‌లో ఇంగ్లండ్ 0-1తో వెనకబడింది. గోల్ కావాల్సి వచ్చినప్పుడు ఇంగ్లండ్ మేనేజర్ గారెత్ సౌత్‌గేట్ 70వ నిమిషంలో మైనూను తీసి కోల్ పామర్‌ను దించాడు. మూడు నిమిషాల్లో పామర్ గోల్ కొట్టాడు. చివరికి స్పెయిన్ 2-1తో గెలిచింది, అది వేరే సంగతి. మైనూను ముందుకు జరిపి వెనక ఇంకొకరిని పెట్టే దారి కూడా సౌత్‌గేట్‌కు ఉంది. అలా చేయలేదు. దాడి చేయడమే వృత్తిగా పెరిగినవాడికీ, దాడిలోకి అప్పుడప్పుడు వచ్చేవాడికీ తేడా ఆయనకు తెలుసు.

ఆరో నంబరు: బాబాయి మాటలో సగం నిజం

బాబాయి ఎప్పుడూ ఇటలీ ఆటగాడు ఆండ్రియా పిర్లో పేరు ఎత్తుతాడు. పిర్లో మొదట పదో నంబరుగానే పెరిగాడు. 2001లో బ్రెషా క్లబ్‌లో కోచ్ కార్లో మజోనే అతన్ని వెనక్కి జరిపాడు, ఎందుకంటే ఆ జట్టులో పదో నంబరుగా రొబెర్తో బాజ్జో ఉన్నాడు. తర్వాత ఏసీ మిలాన్‌లో ఆంచెలోట్టి ఆ స్థానాన్ని ఖాయం చేశాడు. ప్రపంచం ఒక కొత్త రకం ఆరో నంబరును చూసింది. "కాబట్టి మైనూనూ వెనక్కి లాగండి నాయనా" అంటాడు బాబాయి.

ఈ కథలో బాబాయి వదిలేసే పేరు ఒకటుంది: జెన్నారో గట్టూసో. మిలాన్‌లో పిర్లో తీరిగ్గా తల ఎత్తి ఆడాడంటే పక్కన గట్టూసో ఊపిరి బిగబట్టి పరుగెత్తాడు కాబట్టి. పిర్లోను ఒంటరిగా వదిలి, అవతలివాళ్ళ పరుగులన్నీ నువ్వే ఆపు అని ఉంటే, ఆ అందమైన పాసులు చూసే భాగ్యం మనకు దక్కేదా అన్నది అనుమానమే.

మైనూకు ఆరో నంబరుగా కొన్ని గుణాలు నిజంగానే ఉన్నాయి. ఎవర్టన్ మీద ఆ మొదటి మ్యాచ్‌లో అందరూ గర్నాచో గాల్లో తిరగబడి కొట్టిన గోల్ గురించే మాట్లాడుకున్నారు. అదే మ్యాచ్‌లో గీత మీద నిలబడి ఖాయమైన గోల్ ఒకటి ఆపింది మైనూ. డిఫెండర్ల నుంచి బంతి అందుకుని ప్రెసింగ్‌ను, అంటే బంతి లాక్కోవడానికి మీదికొచ్చేవాళ్ళ ఒత్తిడిని, దాటించడంలో ఆ వయసువాళ్ళలో అతనికి సాటి వచ్చేవారు కొద్దిమందే. కానీ ఒంటరి ఆరో నంబరుకు ఇంకో రెండు కావాలి. గాల్లో బంతి గెలవాలి, ఎదురుదాడి మొదలైనప్పుడు ముప్పై గజాలు వెనక్కి పరుగెత్తి పట్టుకోవాలి. ఈ రెండూ అతని బలాలు కావు. 2023-24లో అప్పటి మేనేజర్ టెన్ హాగ్ జట్టు ప్రత్యర్థులకు షాట్లు ధారాళంగా ఇచ్చింది, లీగ్‌లో ఎనిమిదో స్థానంలో ముగించింది. ముందువాళ్ళు ప్రెస్ చేయడానికి పైకి పరుగెత్తితే, డిఫెండర్లు భయపడి కిందే ఉండిపోతే, నడిమధ్య ఏర్పడే ఖాళీ అంతా పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళవాడి పాలిట పడింది. ఆ ఖాళీని చూసి "వీడికి రక్షణ చేతకాదు" అన్నవాళ్ళున్నారు. ఆ ఖాళీలో ఎవరిని నిలబెట్టినా అదే గతి.

జంటలో ఒకడు

నా ఎంపిక ఇక్కడ ఉంది. మధ్యలో ఇద్దరున్నప్పుడు ఆ జంటలో ఎడమవైపు, కాస్త ముందుకు వెళ్ళే స్వేచ్ఛ ఉన్నవాడు. ముగ్గురున్నప్పుడు ఎడమ ఎనిమిది. అక్కడైతే బంతి అందుకోవడానికి కిందికి దిగుతాడు, తిరుగుతాడు, ఒక పాస్ ఇచ్చి నడక లాంటి పరుగుతో వెనకాలే వెళ్తాడు, బాక్సు అంచుకు ఆలస్యంగా చేరతాడు. పైన చెప్పిన గోల్స్‌లో ఎక్కువ భాగం ఈ దారినే వచ్చాయి.

షరతు ఒకటే, పక్కవాడు. కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకటి ఒక తీరు, రెండోది ఇంకో తీరు అయినా దున్నకం సాగాలంటే ఒకదాని లోటు మరొకటి తీర్చాలి. ఇంగ్లండ్ ఆ యూరోలో డెక్లన్ రైస్ పక్కన మొదటి రెండు మ్యాచ్‌లు అలెగ్జాండర్-ఆర్నాల్డ్‌ను ఆడించింది. కుదరలేదు. మూడో మ్యాచ్‌లో గాలహర్‌ను పెట్టి, సగం ఆటకే మార్చి మైనూను దించింది. ఆ తర్వాత నాకౌట్ మ్యాచ్‌లన్నిటా మైనూనే మొదలుపెట్టాడు. నెదర్లాండ్స్ మీద గెలిచిన సెమీఫైనల్ అతని ఆటల్లో నాకు బాగా నచ్చినది. రైస్ పొడగరి, పరుగు ఉన్నవాడు, అడ్డుపడడం ఇష్టంగా చేసేవాడు. మైనూకు లేనివన్నీ అతని దగ్గర ఉన్నాయి. పక్కన అలాంటివాడు ఉన్నాడన్న ధైర్యంతోనే మైనూ అన్నిసార్లు వీపు మీద మనిషిని పెట్టుకుని తిరగగలిగాడు.

2026 జనవరిలో మైకేల్ కారిక్ యునైటెడ్ బాధ్యతలు తీసుకున్నాక జరిగింది కూడా దీన్నే బలపరుస్తుంది. కారిక్ స్వయంగా ఇదే క్లబ్‌లో 2006 నుంచి 2018 దాకా మధ్యలో ఆడినవాడు, చడీచప్పుడు లేకుండా బంతి పంచడంలో ఆరితేరినవాడు. అలాంటివాడికి మైనూలో ఏముందో ఎవరూ చెప్పనక్కర్లేదు. మొదటి మ్యాచ్ మాంచెస్టర్ సిటీ మీదే. కాసెమీరో పక్కన మైనూ, ఇద్దరికీ ముందు బ్రూనో. యునైటెడ్ 2-0తో గెలిచింది. ఇక్కడ నెల్లూరాయన ఆపుతాడు: "అన్నా, కాసెమీరోకు పరుగెక్కడిది? ముప్పై నాలుగుకు దగ్గర పడ్డాడు కదా?" నిజమే. కానీ ఆ రోజు జట్టంతా దగ్గరదగ్గరగా కుదించుకుని ఆడింది కాబట్టి అతను పెద్దగా పరుగెత్తాల్సిన పని పడలేదు. గాల్లో బంతి అతను చూసుకున్నాడు, నేల మీద బంతి మైనూ చూసుకున్నాడు. పక్కవాడు పరుగుతో లోటు తీర్చాలి, లేకపోతే జట్టు ఆకారం ఆ లోటు తీర్చాలి. రెండూ లేని చోట మైనూను ఆడించడం అతనికి చేసే అన్యాయం.

బెంగళూరు ఎఫ్‌సీ ఆటలు చూసినవారికి జంట విలువ కొత్త కాదు. 2017లో వచ్చిన ఎరిక్ పార్టలూ, దిమాస్ డెల్గాడోలను కంఠీరవ స్టేడియంలో చూసినవాళ్ళను అడగండి. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పార్టలూ ఆరడుగులు దాటిన మనిషి, డిఫెన్స్ ముందు గోడలా నిలిచేవాడు. స్పెయిన్ నుంచి వచ్చిన దిమాస్ బంతిని ఎటు తిప్పాలో చూసుకునేవాడు. ఒకరి పని ఇంకొకరికి ఇచ్చి ఉంటే ఇద్దరూ మామూలు ఆటగాళ్ళుగా కనిపించేవారు. అదే జట్టులో సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి, దేశానికి స్ట్రైకర్‌గా గోల్స్ కొడుతూనే, వెనెజ్వేలా స్ట్రైకర్ మికు మధ్యలో ఉన్నప్పుడు క్లబ్ కోసం ఎడమ పక్కకు జరిగి ఆడాడు. అంత పెద్ద పేరున్నవాడే పక్కవాడిని బట్టి చోటు మార్చుకున్నాడు.

చోటు మార్చడమే తప్పని నేను అనడం లేదు. మన హైదరాబాద్ వాడు, భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను, తలకు గాయమై కుట్లు పడ్డవాడిని, ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచినప్పుడు ఒక గోల్ పీకే బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. గొప్ప ఎత్తుగడ. అయితే అది అప్పటికే పండిన ఆటగాడితో, అవసరం కొద్దీ, ఆ కొన్ని రోజుల కోసం వేసిన ఎత్తు. పెరుగుతున్న కుర్రవాడి చేత నెలల తరబడి చేయించాల్సిన పని అది కాదు.

దీనికి యునైటెడ్ ఇంట్లోనే హెచ్చరిక ఉంది. స్కాట్ మెక్‌టామినే అదే అకాడమీలో పెరిగాడు. పొడగరి, పరుగు ఉన్నవాడు కాబట్టి ఏళ్ళ తరబడి డిఫెన్స్ ముందు కాపలా పెట్టారు. అతని అసలు విద్య బాక్సులోకి దూసుకువెళ్ళి గోల్ కొట్టడం. 2024 ఆగస్టులో ఇటలీ క్లబ్ నాపోలీకి అమ్మారు. మొదటి సీజన్‌లోనే అక్కడ లీగ్‌లో పన్నెండు గోల్స్ కొట్టి, టైటిల్ గెలిచి, ఆ లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. మెక్‌టామినేను ఒడ్డూ పొడుగూ చూసి వెనక పెట్టారు, మైనూను పాదాల సొగసు చూసి ముందు పెట్టారు. పైపై లక్షణం చూసి చోటు నిర్ణయించడం అనే జబ్బు మాత్రం ఒకటే.

టర్ఫ్ దగ్గర పిల్లలు

ఇదంతా చదివి "మా పిల్లలకు ఏం పనికొస్తుంది" అని అడిగే తల్లిదండ్రులు మా అపార్టుమెంటులోనే ఉన్నారు. మా పక్క బ్లాకు పన్నెండేళ్ళ అమ్మాయి ఒకతె ఉంది. విజయవాడ వాళ్ళు. వాళ్ళ నాన్న గీత బయట నిలబడి "ముందుకు వెళ్ళు తల్లీ, ముందుకు" అని అరుస్తూనే ఉంటాడు, ఎందుకంటే గోల్ కొట్టినవాళ్ళ ఫొటోలే గ్రూపులో పెడతారు. ఆ పిల్ల మాత్రం గోల్‌కీపర్ దగ్గరికే దిగి బంతి అడుగుతుంది. బంతి రాకముందు తల తిప్పి వెనక్కి చూసుకుంటుంది. నేను చూసిన ఆ ఉదయం మీదికి వచ్చిన అబ్బాయి తనకంటే చెయ్యెత్తు పెద్దవాడు. ఎడమ పాదంతో బంతిని ఆపినట్టే ఆపి, కుడి వైపు జరిపి, వాడు నిలదొక్కుకునేలోపు పాస్ ఇచ్చేసింది. ఆ తల తిప్పడం ఎవరో నేర్పారా అని అడిగాను. "లేదు అంకుల్, వెనక ఎవరున్నారో తెలియకపోతే భయం కదా" అంది.

అలాంటి పిల్లలను గోల్స్ కోసం ముందుకు తోయకండి. ఐదుగురు ఆడే చిన్న టర్ఫ్ మీద ఆరో నంబరూ పదో నంబరూ ఉండవు, అందరూ అన్నీ చేస్తారు. ఆ వయసుకు అదే మంచిది. పదకొండు మంది ఆటకు వెళ్ళాక అకాడమీ కోచ్‌ను ఏ స్థానమని అడిగే ముందు ఇంకో ప్రశ్న అడగండి: బంతి పోగొట్టుకున్నప్పుడు మా పిల్ల ఏం చేస్తోంది? వెంటనే వెంటపడుతుందా, చేతులు ఎత్తేసి నిలబడుతుందా, మళ్ళీ బంతి అడుగుతుందా? ఈ జవాబు చెప్పలేని కోచ్ స్థానం గురించి చెప్పేది పెద్దగా నమ్మనక్కర్లేదు.

ఉండాలా, వెళ్ళాలా

మళ్ళీ మైనూ దగ్గరికి. స్థానం ఎంపికతో పాటు ఇంకో ఎంపిక అతని ముందు నిలిచింది. 2025-26 సీజన్‌లో అమోరిమ్ ఉన్నంత కాలం లీగ్ మ్యాచ్ ఒక్కటి కూడా మొదటి నుంచి ఆడలేదు. సీజన్ మొదట్లోనే లోన్ మీద, అంటే కొంతకాలం అరువుగా, వేరే క్లబ్‌కు వెళ్తానని అడిగాడనీ, క్లబ్ ఒప్పుకోలేదనీ వార్తలు వచ్చాయి. అప్పుడు మా ఇడ్లీ సభలో ముగ్గురం ఒకే మాట మీద ఉన్న అరుదైన సందర్భం వచ్చింది: వెళ్ళనివ్వాలి. ఇరవై ఏళ్ళ మిడ్‌ఫీల్డర్‌కు ఆడిన నిమిషాలే చదువు. బెంచ్ మీద కూర్చుని ఎవరూ ప్రెసింగ్ నుంచి బయటపడడం మెరుగుపరచుకోలేరు.

క్లబ్ వైపు చూస్తే మరో కోణం ఉంది, అది డబ్బులది. ప్రీమియర్ లీగ్‌లో 2025-26 సీజన్ దాకా క్లబ్బుల నష్టాలకు పరిమితి పెట్టిన నిబంధనల కింద, సొంత అకాడమీ ఆటగాడిని అమ్మితే వచ్చే మొత్తమంతా లెక్కల్లో లాభంగా చూపించే వీలుండేది. ఆరు కోట్ల పౌండ్లకు ఐదేళ్ళ ఒప్పందం మీద కొన్న ఆటగాడి ఖర్చును ఏడాదికి కోటీ ఇరవై లక్షల చొప్పున పంచి రాస్తారు కాబట్టి, అతన్ని మధ్యలో అమ్మితే ఇంకా రాయని ఖర్చు పోగా మిగిలిందే లాభం. అకాడమీ కుర్రవాడికి అలాంటి పాత ఖర్చే లేదు. అందుకే పద్దులు రాసేవాడికి అతను అమ్మదగ్గ సరుకుగా కనిపిస్తాడు. మెక్‌టామినే అమ్మకం ఇందుకు దూరం కాదు. స్టాక్‌పోర్ట్‌లో పుట్టి, చిన్నప్పుడే అకాడమీలో చేరి, 2022లో ఎఫ్‌ఏ యూత్ కప్ గెలిచిన జట్టులో ఆడిన కుర్రవాడిని పద్దు సరిచేయడానికి అమ్మితే అభిమానులు క్షమించరు. ఆటగాడిగా కూడా అతనికి ప్రత్యామ్నాయం కొనాలంటే అంతకు రెట్టింపు అవుతుంది.

ఆడిస్తే ఉండాలి, ఆడించకపోతే లోన్ మీద వెళ్ళాలి, అమ్మకం మాత్రం వద్దు. లోన్ అయితే మధ్యలో ముగ్గురితో ఆడే జట్టుకే వెళ్ళాలి. ఇద్దరితో ఆడుతూ, ఆ ఇద్దరి చేత మైదానమంతా తిప్పించే జట్టుకు వెళ్తే పాత కథే మళ్ళీ.

చివరి ఇరవై నిమిషాల గురించి నెల్లూరాయనకు ఒక రాయితీ ఇస్తాను. గోల్ తప్పనిసరి అయి, అవతలి జట్టు అలిసి, గీతలన్నీ చెరిగిపోయినప్పుడు మైనూను పదో నంబరు చోటికి జరపడంలో తప్పు లేదు. లియోన్ మ్యాచ్ అలాంటిదే. అప్పుడు వీపు మీద మనిషి ఉండడు, ఎదురుగా గోల్ ఉంటుంది. మొదటి నిమిషం నుంచి మాత్రం వద్దు. "మరి రేపు బ్రూనో వెళ్ళిపోతే?" అని మొన్న అడిగాడు. వెళ్ళిపోతే పదో నంబరును బయట వెతకాలి, మైనూను కదపకూడదు. క్లబ్ దగ్గర ఒకే ఒక్క పెద్ద కొనుగోలుకు డబ్బుంటే నేను ఆ పదో నంబరును కూడా ఇంకో ఏడాది వాయిదా వేస్తాను. కాసెమీరో వయసువాడిని నమ్ముకుని ఎల్లకాలం నడవదు. పొడవు, పరుగు, అడ్డుపడే ఓపిక ఉన్న ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ ఆటగాడిని ముందు మైనూ పక్కకు తెస్తాను. బాబాయి దీనికి ఒప్పుకున్నాడు, ఆ కొత్తవాడిని కూడా వెనకే ఆడించాలన్న షరతు మీద.